ఇంటికి వచ్చిన లెక్క



ముందుగా చిన్న విన్నపం. దగ్గరలో కాగితం, పెన్సిలు ఉంటే తెచ్చిపెట్టుకోండి. ప్రసంగం మధ్యలో ఒకచోట లెక్క చెయ్యాలి. ఎక్కాలు వస్తే చాలు. పొయ్యి మీద పాలు పెట్టి వింటున్నవాళ్ళు లేవక్కర్లేదు, నేనే చేసి చెబుతాను.

డిగ్రీ కాలేజీలో ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. మేం చదువుకునే రోజుల్లో తర్కం అంటే సత్య పట్టికలే. ఒప్పు, తప్పు, ఒప్పు, తప్పు అని గడులు నింపేవాళ్ళం. పరీక్షలో నాలుగు మార్కులకు వచ్చేది. గణితంలో తర్కం ఒక పెద్ద శాఖ అనీ, ఆ శాఖలోనే బతుకంతా గడిపినవాళ్ళు ఉన్నారనీ ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్ళకు గానీ నాకు తెలియలేదు. తెలియజేసింది అమెరికా గణితవేత్త జూలియా రాబిన్సన్ జ్ఞాపకాలు. ఇవాళ చెప్పబోయేది ఆమె చదువుకున్న రోజుల గురించే.

ఆ జ్ఞాపకాలలో ఒక తమాషా ఉంది. పేరుకు ఆత్మకథ. అందులో ‘నేను’ అని మాట్లాడేది జూలియా. కలం పట్టింది మాత్రం ఆమె అక్క కాన్‌స్టన్స్ రీడ్. ఈ అక్క గణితవేత్తల జీవితాలు రాయడంలో పేరుపడ్డ మనిషి, హిల్బర్ట్ జీవితచరిత్ర ఆవిడదే. కానీ సొంత చెల్లెలు మాత్రం తన గురించి రాయడానికి చాలాకాలం ఒప్పుకోలేదు. 1985లో రక్తకేన్సరు ముదిరాక ఒప్పుకుంది. అక్క రాసి, చదివి వినిపించింది. చెల్లెలు విని, సరే అంది.

జూలియా బౌమన్ 1919 డిసెంబరు 8న అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పుట్టింది. రెండేళ్ళ పిల్లగా ఉండగానే తల్లి పోయింది. తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. కాలిఫోర్నియాలో, శాన్ డియెగోలో స్థిరపడ్డారు. తొమ్మిదో ఏట ఆ పిల్లకు స్కార్లెట్ జ్వరం వచ్చింది. అది తగ్గిందనుకుంటే రుమాటిక్ జ్వరం పట్టుకుంది. ఇప్పుడైతే పెన్సిలిన్ ఇంజెక్షనుతో అదుపు చేస్తారు. అప్పట్లో మంచమే మందు. ఏడాది పాటు పడుకునే ఉంది. బడి రెండేళ్ళకు పైగా పోయింది. గుండెలో కవాటానికి తగిలిన దెబ్బ ఆ తర్వాత ఆమె బతుకునంతా వెంటాడింది.

లేచి తిరగగలిగాక, రిటైరైన ఒక టీచరమ్మ దగ్గర చదువు మొదలుపెట్టించారు. వారానికి మూడు పొద్దుటిపూటలు. ఒక్క ఏడాదిలో నాలుగు తరగతుల పాఠాలు అయిపోయాయి! (మన ట్యూషన్ సెంటర్ల వాళ్ళు ఈ మాట వినకుండా ఉంటే బాగుండు.) ఒకరోజు ఆ టీచరమ్మ, 2కి వర్గమూలం కడుతూ పోతే దశాంశ స్థానాలు ఎంత దూరం పోయినా తిరిగి మొదటికి రావు, ఒకే వరస మళ్ళీ మళ్ళీ పడదు, అంది. ఎవరో రుజువు చేశారని ఆవిడకు తెలుసు, ఎలా చేశారో తెలియదు. అంతులేని దాని గురించి అంత గట్టిగా ఎలా చెప్పగలరు అని పిల్లకు అనుమానం వచ్చింది. ఇంటికి పోయి, కొత్తగా నేర్చిన పద్ధతిలో వర్గమూలం కడుతూ కూర్చుంది. సాయంత్రం దాకా కట్టింది. చివరకు విసిగి వదిలేసింది.

ఆ పిల్ల తర్కంలోకి పోతుందని అప్పుడెవరూ అనుకుని ఉండరు. కానీ తర్కం పుట్టేది ఆ అనుమానంలోంచే కదా. లెక్క చేస్తూ పోతే తేలని సంగతిని లెక్క చెయ్యకుండా ఎలా తేలుస్తారు?

హైస్కూల్లో పైతరగతుల లెక్కల క్లాసులో ఆమె ఒక్కతే ఆడపిల్ల. ఫిజిక్స్ క్లాసులోనూ అంతే. చదువు పూర్తయ్యాక ఇంట్లోవాళ్ళు బహుమతిగా స్లైడ్ రూల్ కొనిచ్చారు. కాలిక్యులేటర్లు రాకముందు ఇంజనీర్లు జేబులో పెట్టుకు తిరిగిన జారుడు బద్ద అది. దానికి ఆమె ముద్దుగా ‘స్లిప్పీ’ అని పేరు పెట్టుకుంది.

1936లో, పదహారేళ్ళకే, శాన్ డియెగో స్టేట్ కాలేజీలో చేరింది. అంతకుముందు ఏడాది దాకా అది టీచర్లను తయారుచేసే కాలేజీ. పేరు మారింది కానీ పద్ధతి మారలేదు. లెక్కలు చదివితే లెక్కల టీచరు కావాలి, అంతకుమించి వేరే దారి ఉంటుందని అక్కడ ఎవరూ అనుకోలేదు, జూలియాతో సహా. మరుసటి ఏడాది ఇంటిమీద పిడుగు పడింది. తండ్రి దాచిన సొమ్ము ఆర్థికమాంద్యంలో కరిగిపోయింది. ఆయన ప్రాణం తీసుకున్నాడు. కుటుంబం చిన్న ఇంటికి మారింది. కాలేజీ ఫీజు సెమిస్టరుకు 12 డాలర్లే కాబట్టి చదువు ఆగలేదు. 

ఆ కాలేజీలోనే ఒక పుస్తకం చేతికొచ్చింది. ఇ.టి. బెల్ రాసిన ‘మెన్ ఆఫ్ మ్యాథమాటిక్స్’. 1937లో వచ్చిన ఆ పుస్తకంలో చెప్పిన కథలన్నీ నమ్మదగ్గవి కావని చరిత్రకారులు తలలు పట్టుకుంటారు. పట్టుకోనివ్వండి. గణితవేత్త అనే మనిషి ఒకడు లోకంలో ఉంటాడని జూలియాకు మొదటిసారి చెప్పింది ఆ పుస్తకం. మన దగ్గర మాత్రం? లెక్కలు బాగా వచ్చిన పిల్లవాణ్ణి చూస్తే ఇంజనీరింగు అంటాం, బ్యాంకు పరీక్ష అంటాం, మరీ కాకపోతే లెక్కల మాస్టారు అంటాం. లెక్కలు కనిపెట్టేవాళ్ళు ఉంటారు, వాళ్ళు మనలాగే కాఫీ తాగుతారు, చెప్పులు వేసుకుని నడుస్తారు అని నా విద్యార్థుల్లో ఎంతమందికి తెలుసు? చెప్పని తప్పు నాదే.

ఆఖరి సంవత్సరానికి, 1939లో, ఆమె బర్క్‌లీకి మారింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం. ఆ ఏడాది గురించి చెప్పేటప్పుడు జ్ఞాపకాల గొంతే మారిపోతుంది. శాన్ డియెగోలో తనలాంటి మనిషి ఒక్కరూ లేరట. బర్క్‌లీలో అందరూ తనలాంటివాళ్ళేనట. బాతుపిల్లల మధ్య పెరిగిన హంసపిల్ల కథ ఉంది చూడండి, అది నా కథే అంటుంది. ఆ ఏడాది ఐదు గణితం కోర్సులు తీసుకుంది. అందులో ఒకటి సంఖ్యావాదం, అంటే పూర్ణ సంఖ్యల గుణాల అధ్యయనం. చెప్పేవాడు రాఫెల్ రాబిన్సన్ అనే కుర్ర ప్రొఫెసరు. రెండో సెమిస్టరుకు క్లాసులో మిగిలింది నలుగురే, అందులో ఆడపిల్ల ఒక్కతే. ఆయన ఆమెను షికారుకు రమ్మని పిలవడం మొదలుపెట్టాడు. పిలిచి ఏం మాట్లాడాడు? గణితం మాట్లాడాడు.

అలా నడుస్తూ ఒకసారి గోడెల్ సంగతి చెప్పాడు. 1931లో కుర్ట్ గోడెల్ రుజువు చేసిన సంగతి. అంకగణితానికి ఎన్ని మూలసూత్రాలు రాసిపెట్టుకున్నా, వాటిలో పరస్పర విరోధం లేనంతకాలం, నిజమై ఉండి కూడా వాటినుంచి రుజువుకు అందని మాటలు మిగులుతూనే ఉంటాయి. అంకెల గురించి తర్కంతో ఇంత పెద్ద సంగతి తేల్చవచ్చా అని జూలియా ఉబ్బితబ్బిబ్బయింది. సాయంత్రం దాకా వర్గమూలం కట్టి విసిగిన పిల్లకు, ఆ అనుమానం తీర్చే శాస్త్రం ఒకటి ఉందని తెలిసింది ఒక నడకలో. సిలబస్‌లో కాదు.

1940లో బి.ఏ., 1941లో ఎం.ఏ. అయ్యాయి. మధ్యలో తిండికి కటకట. గణాంకశాస్త్రంలో దిగ్గజం యెర్జీ నేమన్ తన దగ్గర సహాయకురాలిగా చిన్న పని ఇప్పించాడు. అది చేసింది గానీ గణాంకాలు ఆమెకు నచ్చలేదు, గజిబిజిగా ఉంటాయనిపించింది. ప్రభుత్వంలో వాషింగ్టన్‌లో రాత్రిపూట గుమాస్తా ఉద్యోగం వస్తే ఇంట్లో చేరమన్నారు. చేరలేదు. బర్క్‌లీలో బోధనా సహాయకురాలిగా ఉండిపోయింది.

1941 డిసెంబరులో రాఫెల్‌తో పెళ్ళయింది. పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడి కొన్ని వారాలే అయింది. పెళ్ళితో ఒక చిక్కొచ్చింది. ఒకే కుటుంబం వాళ్ళు ఇద్దరు ఒకే శాఖలో పాఠం చెప్పకూడదని విశ్వవిద్యాలయం నిబంధన. మొగుడు ప్రొఫెసరు కాబట్టి పెళ్ళాం గణితం చెప్పడానికి వీల్లేదు. ఆ నిబంధన బంధుప్రీతిని అరికట్టడానికి పెట్టినదట. అరికట్టింది ఎవరినో చూడండి. యుద్ధకాలమంతా ఆమె నేమన్ ప్రయోగశాలలో సైన్యం పనులకు లెక్కలు కట్టింది, తీరిక దొరికినప్పుడు క్లాసుల్లో కూర్చుని విన్నది.

ఉద్యోగం పోయినందుకు ఆమె పెద్దగా బాధపడలేదు, బిడ్డలు కావాలనుకుంది. గర్భం నిలిచి, పోయింది. డాక్టరు గుండె చూసి, మళ్ళీ తల్లయ్యే ప్రయత్నం వద్దన్నాడు. నలభై ఏళ్ళు దాటి బతకదని సవతి తల్లితో విడిగా చెప్పాడు. చాలాకాలం జూలియా మనిషి కాలేకపోయింది. లెక్కలున్నాయి కదా, అని గుర్తుచేసింది రాఫెల్. 1946-47లో ఆయనకు ప్రిన్స్‌టన్ వెళ్ళే పని పడింది, ఆమె కూడా వెళ్ళింది. అక్కడ మళ్ళీ కాగితం పట్టింది.

ఇక గురువు. ఆల్‌ఫ్రెడ్ టార్‌స్కీ. వార్సా నగరం మనిషి. 1939 ఆగస్టులో ఒక సభ కోసం అమెరికా వచ్చాడు. ఆయన వచ్చిన కొద్ది రోజులకే హిట్లర్ సైన్యాలు పోలండు మీద పడ్డాయి. భార్యాపిల్లలు అక్కడ, తను ఇక్కడ. యుద్ధం ముగిశాక 1946లో గానీ కలుసుకోలేదు. ఉద్యోగం కోసం తిరిగి తిరిగి 1942లో బర్క్‌లీ చేరాడు. ఆయన రాకతో ఆ ఊరు తర్కానికి రాజధాని అయింది. గోడెల్ తర్వాత ఆ తరంలో తర్కానికి అంతటివాడు లేడు. అటువంటివాడు పనిచేసే ఊళ్ళోనే జూలియా కాపురం. అదృష్టం అంటే ఇదీ.

టార్‌స్కీకి ఇష్టమైన ప్రశ్న ఒకటుంది. మన పొడుపు కథ లాంటిది. పొడుపు కథలో ఏం చేస్తాం? వస్తువు పేరు చెప్పకుండా ఆనవాలు చెబుతాం. ఆ ఆనవాలు ఆ ఒక్క వస్తువుకే సరిపోవాలి, ఇంకొకదానికి సరిపోతే కథ చెడినట్టే. అంకెల్లో కూడా అంతే. కొన్ని మాటలే వాడాలని షరతు పెడతారు. ఆ మాటలతోనే ఫలానాదాన్ని ఆనవాలు పట్టించాలి.

ఇప్పుడు కాగితం తీయండి. మన దగ్గర ఉన్నవి రెండే మాటలు. ఒకటి ‘గుణకారం’, రెండోది ‘తర్వాతి అంకె’. కూడిక అనే మాట ఎత్తకూడదు. ఎత్తకుండా, 2కీ 3కీ మొత్తం 5 అని చెప్పాలి.

2ని 5తో గుణించండి, 10. తర్వాతి అంకె 11. అలాగే 3ని 5తో గుణిస్తే 15, తర్వాతి అంకె 16. ఈ 11నీ 16నీ గుణించండి. 176. దీన్ని పక్కన రాసుకోండి.

ఇక రెండో వైపు. 2నీ 3నీ గుణిస్తే 6, తర్వాతి అంకె 7. 5ని 5తోనే గుణిస్తే 25. 25ని 7తో గుణిస్తే 175. దాని తర్వాతి అంకె? 176. రెండు వైపులూ ఒకటే.

5 బదులు 6 పెట్టి చూడండి. మొదటి వైపు 13ని 19తో గుణించాలి, 247. రెండో వైపు 36ని 7తో గుణిస్తే 252, తర్వాతి అంకె 253. కుదరలేదు. సున్నాను పక్కన పెడితే, ఏ రెండు అంకెలు తీసుకున్నా, మూడోది వాటి మొత్తమైతేనే రెండు వైపులూ కలుస్తాయి, కాకపోతే కలవవు. ఎందుకో పదో తరగతి పిల్లలు బీజగణితంలో విప్పి చూసుకోవచ్చు, రెండు వరసల పని. ఇది జూలియా థీసిస్‌లో ఉన్న ముక్క. థీసిస్ అంటే అర్థం కాని మాటల గుట్ట అనుకునేవాళ్ళకు నేనిది చూపిస్తుంటాను.

అయితే థీసిస్‌లో అసలు సరుకు వేరే ఉంది. అది ఆమె దగ్గరికి వచ్చిన తీరు నాకు మరీ ఇష్టం. ఒకనాడు టార్‌స్కీ మాటల మధ్యలో రాఫెల్‌తో ఒక ప్రశ్న అన్నాడు. రాఫెల్ ఇంటికి వచ్చి, ఆయన ఇలా అడుగుతున్నాడు అని భార్యతో అన్నాడు. ఆమె ఏమీ అనలేదు. టార్‌స్కీకీ చెప్పలేదు, మొగుడికీ చెప్పలేదు. కూర్చుని పని మొదలుపెట్టింది.

ప్రశ్న ఇది. పూర్ణ సంఖ్యల గురించి కూడిక, గుణకారాలతో చెప్పే ప్రతి మాటా ఒప్పో తప్పో తేల్చే యాంత్రిక పద్ధతి ఏదీ ఉండదని 1936 నాటికే తెలిసిపోయింది. వాస్తవ సంఖ్యలకు, అంటే గీత మీద చుక్కలన్నిటికీ, అటువంటి పద్ధతి ఉందని టార్‌స్కీయే రుజువు చేశాడు. చిత్రం చూడండి, చిన్నవాటికి లేదు, వాటిని కడుపులో పెట్టుకున్న పెద్దవాటికి ఉంది! మరి మధ్యలో ఉన్న భిన్నాల సంగతేమిటి? సగాలు, మూడోవంతులు, ఏడింట మూడువంతులు, ఇవన్నీ గుంపుగా కలిసి ఉన్నచోట, కూడిక, గుణకారం అనే రెండు మాటలతోనే పూర్ణ సంఖ్యలను వేరుచేసి చూపించగలమా? చూపించగలిగితే భిన్నాలకూ యాంత్రిక పద్ధతి లేనట్టే, ఎందుకంటే పూర్ణ సంఖ్యల చిక్కంతా వాటి లోపలే కూర్చుని ఉంటుంది.

జూలియా చూపించింది. ఆ ఆనవాలు కట్టడానికి ఆమె వాడిన సామాను తర్కంలోది కాదు. జర్మన్ గణితవేత్త హాసె వర్గరూపాల మీద, అంటే రెండో ఘాతం పదాలే ఉన్న రాశుల మీద, రుజువు చేసిన సిద్ధాంతం, అచ్చమైన సంఖ్యావాదం. నలుగురే మిగిలిన ఆ క్లాసు విత్తిన విత్తనమది. ప్రశ్న టార్‌స్కీది, సామాను రాఫెల్ శాఖది, రెంటినీ ముడివెయ్యడం ఆమెది. టార్‌స్కీ సంబరపడ్డాడు, ఇది చాలు డాక్టరేటుకు అన్నాడు. 1948లో డాక్టరేటు వచ్చింది, 1949లో థీసిస్ అచ్చయింది.

నేను డిపార్టుమెంటులో ఉన్నన్నాళ్ళూ పరిశోధన అంటే ఫారాలు, గైడు సంతకాలు, ఆరునెలలకో నివేదిక. అవి వద్దని నేననను. కానీ జూలియా చదువులో మలుపు తిప్పిన రోజులు లెక్కపెడితే ఒక నడక ఉంది, మరొకరితో జరిగిన మాటను ఇంటికి మోసుకొచ్చిన ఒక సాయంత్రం ఉంది. నివేదిక ఒక్కటీ లేదు. అన్నట్టు, నేమన్ ప్రయోగశాలలో ఉన్నప్పుడు రోజూ ఏం పనిచేస్తున్నావో రాసిమ్మని ఒక కాగితం పంపారట. సోమవారం నుంచి గురువారం దాకా సిద్ధాంతం రుజువు చెయ్యడానికి ప్రయత్నించాననీ, శుక్రవారం అది తప్పని తేలిందనీ రాసిచ్చింది.

డాక్టరేటు వచ్చిన ఏడాదే హిల్బర్ట్ పదో సమస్య పట్టుకుంది. ఇచ్చిన సమీకరణానికి పూర్ణ సంఖ్యల్లో సాధన ఉందో లేదో చెప్పే యాంత్రిక పద్ధతి ఉందా అని 1900లో హిల్బర్ట్ అడిగిన ప్రశ్న అది. ఆ కథ చెప్పడానికి ఇంకో ప్రసంగం కావాలి. ఏటా పుట్టినరోజు కొవ్వొత్తులు ఊదేటప్పుడు ఆ సమస్య తేలాలని కోరుకునేదట. నేనే తేల్చాలని కాదు, ఎవరు తేల్చినా సరే, జవాబు తెలియకుండా పోకూడదని. 1970లో లెనిన్‌గ్రాడ్ కుర్రవాడు యూరీ మతియాసెవిచ్ ఆమె వేసిన దారిలోనే నడిచి తేల్చాడు. అటువంటి పద్ధతి లేదు. ఆమె ఆ దారి వేసేనాటికి అతను పసిపిల్లవాడు. నువ్వు పెద్దవాడివయ్యేదాకా కాచుకోవాల్సి వచ్చింది, అని అతనికి నవ్వుతూ ఉత్తరం రాసింది.

నలభై దాటి బతకదన్న మనిషికి 1961లో గుండె ఆపరేషను జరిగింది. ఆ తర్వాత సైకిలు కొనుక్కుని ఊళ్ళు తిరిగింది. 1976లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీకి ఎన్నికైంది, గణితవేత్తల్లో అంతకుముందు ఏ స్త్రీకీ దక్కలేదు. ఆ వార్త పట్టుకుని బర్క్‌లీ గణిత శాఖకు ఫోను చేసి, జూలియా రాబిన్సన్ ఎవరండీ అని అడిగారట. ఆవిడా, ప్రొఫెసర్ రాబిన్సన్ గారి భార్య అని జవాబు వచ్చింది. మరి ఆ భార్యగారే అకాడమీకి ఎన్నికయ్యారండీ, అన్నారు అవతలివాళ్ళు. అప్పుడిచ్చారు ప్రొఫెసరు పదవి. డాక్టరేటు వచ్చి 28 ఏళ్ళయింది.

1985 జులై 30న ఆమె చనిపోయింది. కర్మకాండ ఏదీ వద్దని ముందే చెప్పింది. తన జ్ఞాపకార్థం ఎవరైనా ఏమైనా ఇవ్వదలుచుకుంటే టార్‌స్కీ పేరిట ఉన్న నిధికి ఇమ్మంది. రాఫెల్ ఇంకో దాదాపు పదేళ్ళు బతికాడు. బర్క్‌లీలో గణితంలో పరిశోధన చేసే పిల్లల కోసం ఒక ఫెలోషిప్ పెట్టాడు. దానికి జూలియా పేరు పెట్టాడు.